మాత్ర ఆపేదెప్పుడు?

ఒక కాలు ఉన్నట్టుండి వాచిందంటే మన ఇళ్ళలో వైద్యానికి ముందు వాదం మొదలవుతుంది. గోదావరి జిల్లాల్లో అయితే ముందుగా వినిపించేది బోదకాలన్న మాట. కాదంటే నరం పట్టేసిందంటారు. ఆముదం వెచ్చబెట్టి పిక్క పిసకడానికి ఎవరో ఒకరు సిద్ధమవుతారు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చన్న ఆలోచన అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

ఈ కింద మాట్లాడే ఇద్దరూ నేను కల్పించినవాళ్ళు. ఒకరు పాలకొల్లులో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, వయసు 66. ఇంకొకరు ఆయన మేనకోడలు, హైదరాబాదులో జనరల్ మెడిసిన్ డాక్టరు. డల్లాస్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్ళుండి తిరిగొచ్చిన రెండో వారంలో మాస్టారి ఎడమ కాలు వాచింది. తొడ సిరలో గడ్డ ఉందని తేలింది. ఎపిక్సబాన్ మాత్ర మొదలుపెట్టి మూడు నెలలు కావస్తోంది. ఆపేస్తానని ఆయన, వీల్లేదని ఆమె. మనుషులు కల్పితమే గానీ తగువు కల్పితం కాదు. డాక్టర్లు తమలో తాము ఇప్పటికీ పడుతున్నదే.

మాస్టారు: అమ్మాయ్, ముందు పాత బాకీ తేల్చుకుందాం. ఆ రాత్రి నేను ఫోన్ చేస్తే ఏం చేశావు? టేపు పెట్టి రెండు పిక్కలూ కొలవమన్నావు. నాలుగు ప్రశ్నలు అడిగావు. వెంటనే భీమవరం వెళ్ళమని, అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడి పొట్ట మీద ఇంజెక్షన్ వేయించావు. స్కాన్ మర్నాడు పొద్దున్న. రోగం ఉందో లేదో తేలకుండానే మందా?

డాక్టరు: ఆ టేపూ ప్రశ్నలే మొదటి పరీక్ష, మావయ్యా. కెనడాలో ఫిలిప్ వెల్స్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళూ 1990లలో తయారుచేసిన మార్కుల పట్టీ ఉంది. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె తగులుతుంది చూడండి, అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి దిగి పిక్క చుట్టూ కొలవాలి. రెండు కాళ్ళకీ 3 సెంటీమీటర్లు మించి తేడా ఉంటే ఒక మార్కు. కాలు మొత్తం వాస్తే ఒకటి. ఆ కాల్లోనే వేలితో నొక్కితే గుంట పడితే ఒకటి. లోపలి సిర పోయే దారి వెంట నొక్కితే నొప్పి ఉంటే ఒకటి. కాన్సరున్నా, కాలికి సిమెంటు కట్టున్నా, ఈమధ్య పెద్ద ఆపరేషన్ అయినా, ఇదివరకే గడ్డ వచ్చి ఉన్నా విడివిడిగా మార్కులున్నాయి. మీ పిక్క 4 సెంటీమీటర్లు లావెక్కింది. మొత్తం మీద నాలుగు మార్కులు.

మాస్టారు: తీసేసే మార్కులు కూడా ఉంటాయని విన్నాను.

డాక్టరు: ఉన్నాయి. వాపుకి ఇంతకంటే నమ్మదగ్గ కారణం, పోనీ దీనితో సమానంగా నమ్మదగ్గ కారణం, ఇంకోటి కనిపిస్తే రెండు తీసేయాలి.

మాస్టారు: మరి మా వీధి చివరి డాక్టరుగారు సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్, అన్నారు కదా? యాంటీబయాటిక్కూ డైక్లోఫెనాకూ రాశారు కూడాను. ఆయన మాటకి రెండు తీసెయ్.

డాక్టరు: తీసేశాను. నాలుగులోంచి రెండు పోతే రెండు. రెండు వస్తే చాలు, గడ్డ ఉండే అవకాశం ఎక్కువ అనే లెక్క, స్కాన్ తప్పదు. అసలు ఆయన మాట ఎందుకు నమ్మలేదంటే, మీకు జ్వరం లేదు, చర్మం మీద ఎర్రగా పాకుతున్న అంచు లేదు. మా అత్తయ్య చెప్పిన బోదకాలా? అది నెలలూ సంవత్సరాలూ పట్టి పెరుగుతుంది, నాలుగు రోజుల్లో తొడ దాకా ఎక్కదు.

(మార్కుల పట్టీ అనగానే యాంత్రికం అనిపిస్తుంది. నాకు అలా తోచదు. ఆ పట్టీలో సగం మనిషిని ముట్టుకుని చూస్తే తప్ప నిండదు. కూర్చున్న చోటి నుంచే చీటీ రాసి పంపే అలవాటుకి ఇంతకంటే మంచి విరుగుడు లేదు.)

మాస్టారు: సరే, డి-డైమర్ సంగతేమిటి? కోవిడ్ రోజుల్లో ప్రతివాడి నోటా అదే మాట. వాట్సాప్‌లో రిపోర్టులు పంపుకున్నారు. నాకెందుకు చేయించలేదు?

డాక్టరు: చేయిస్తే ఎక్కువే వచ్చేది. వచ్చి మనకి ఏం చెప్పేది? గడ్డ కరిగేటప్పుడు విడిపడే ముక్కల్ని అది కొలుస్తుంది. ఇన్ఫెక్షన్‌కి పెరుగుతుంది, గర్భంతో ఉంటే పెరుగుతుంది, ఆపరేషన్ అయితే పెరుగుతుంది, ఊరికే వయసు మీద పడినా పెరుగుతుంది. ఎక్కువ వచ్చిందంటే ఏదీ రుజువు కాలేదన్నమాట. దాని విలువంతా తక్కువ వచ్చినప్పుడే. వెల్స్ మార్కులు తక్కువుండి, డి-డైమర్ కూడా తక్కువుంటే, గడ్డ ఉండే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. అలాంటివాళ్ళని స్కాన్ లేకుండా ఇంటికి పంపొచ్చు.

మాస్టారు: అంటే ముందు అనుమానం ఎంతో తెలియందే పరీక్ష ఫలితానికి అర్థం లేదన్నమాట. ఇది బేయిస్ సిద్ధాంతం అమ్మాయ్, మా సబ్జెక్టు.

డాక్టరు: మీ సబ్జెక్టే. ఇంకో లెక్క చెబుతా వినండి. మామూలు హద్దు 500. యాభై దాటినవాళ్ళకి వయసుని పదితో హెచ్చవేసి ఆ అంకెనే హద్దుగా పెట్టుకోవడం ఇప్పుడు చాలాచోట్ల పద్ధతి. మీకు 660. కానీ ల్యాబు ఏ యూనిట్లో ఇచ్చిందో చూడాలి. రెండు రకాల యూనిట్లున్నాయి, ఒకదానిలో వచ్చే అంకె రెండోదానిలో సగమే ఉంటుంది.

(ఒంట్లో ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి డి-డైమర్ చేయిస్తే మిగిలేది భయం. అడిగిన ప్రశ్న లేదు గనక వచ్చిన అంకె దేనికీ జవాబు కాదు.)

మాస్టారు: నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. స్కాన్‌కి ముందే ఇంజెక్షన్ ఎందుకు?

డాక్టరు: కాల్లో గడ్డ కాల్లోనే ఉంటే ఇంత కంగారు లేదు. ముక్క విడిపోయి గుండె గుండా ఊపిరితిత్తులకి పోతుంది. అక్కడ దొరికే గడ్డలు అక్కడ పుట్టినవి కావు, సిరల్లోంచి కొట్టుకొచ్చినవేనని విర్కో అనే జర్మన్ డాక్టరు పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే చూపించాడు. మందు పనిచేస్తుందని తేల్చింది మాత్రం 1960లో, ఇంగ్లండు బ్రిస్టల్‌లో, బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు డాక్టర్లు. ఊపిరితిత్తులకి గడ్డ చేరిందనుకున్న 35 మందిని చీట్లు తీసినట్టు రెండుగా విడదీశారు. మందు అందని 19 మందిలో ఐదుగురు ఆ గడ్డల వల్లే చనిపోయారు, ఇంకో ఐదుగురికి మళ్ళీ గడ్డ వచ్చి బతికారు. మందు అందిన 16 మందిలో గడ్డ వల్ల పోయినవాళ్ళు ఒక్కరూ లేరు.

మాస్టారు: ముప్ఫై అయిదు మందా! ఇంత చిన్న శాంపిల్‌తో నా క్లాసులో ఎవడైనా సిద్ధాంతం చెబితే బెంచీ ఎక్కించేవాణ్ణి. పైగా ఆ రోజుల్లో స్కాన్ లేదు, వాళ్ళందరికీ గడ్డ ఉందని ఎవరు చూశారు? పైగా నాది ఊపిరితిత్తి కాదు, కాలు.

డాక్టరు: మూడూ న్యాయమైన అభ్యంతరాలే. కానీ పందొమ్మిది మందిలో ఐదుగురు పోయాక అదే పరీక్షని పెద్దగా మళ్ళీ చేయడానికి ఎవరికి చేతులొస్తాయి? అనుమానం గట్టిగా ఉన్నప్పుడు, రక్తస్రావం భయం పెద్దగా లేనప్పుడు, స్కాన్ కోసం గంటల తరబడి ఆగాల్సి వస్తే మందు ముందు మొదలుపెట్టాలి. ఒక్క రాత్రి ఇంజెక్షన్ అనవసరమని తేలితే మర్నాడు మానేస్తాం. ఆ ఒక్క రాత్రీ అవసరమై ఉండి ఇవ్వకపోతే సరిదిద్దుకోవడానికి మనిషి ఉండకపోవచ్చు. మార్కులు తక్కువుంటే నేనూ ఇప్పించేదాన్ని కాదు.

మాస్టారు: ఆ స్కాన్ కూడా విచిత్రంగానే ఉంది. కంప్యూటర్ ఏదో రంగుల బొమ్మ చూపిస్తుందనుకుంటే ఆ అమ్మాయి గజ్జల్లోనూ మోకాలి వెనకా నొక్కుతూ కూర్చుంది.

డాక్టరు: రంగుల కంటే ఆ నొక్కుడే ముఖ్యం. మంచి సిర కాస్త ఒత్తితే మూసుకుపోతుంది, పక్కనున్న ధమని మూసుకోదు. గడ్డ నిండిన సిర ఎంత ఒత్తినా మూసుకోదు. మోకాలి పైన గడ్డని ఈ పద్ధతి దాదాపు వదిలిపెట్టదు. పిక్కలోని సన్న సిరల దగ్గర అంత ధీమా లేదు. అందుకే అనుమానం ఉండీ మొదటి స్కాన్ బాగుంటే వారానికి మళ్ళీ చేస్తారు. పిక్కలో గడ్డ ఉంటే ఆ వారంలో పైకి పాకిందేమో తెలుస్తుంది. పూర్వం పాదంలో సూది పెట్టి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీసేవాళ్ళు, నొప్పీ ఖర్చూ.

మాస్టారు: నా కొడుకు మాటకొద్దాం. వైరు పంపి గడ్డని కరిగించి లాగేస్తారట, ఆ పని చేయించమని వాడు ఒకటే గొడవ. నువ్వే అడ్డుపడ్డావు.

డాక్టరు: బావ చెప్పినదాన్ని అమెరికాలోనే పరీక్షించి చూశారు. 2017లో వచ్చిన అట్రాక్ట్ పరిశోధనలో 692 మందికి చూశారు. సగం మందికి మామూలు మందులు, సగం మందికి మందులతోపాటు వైరు వైద్యం. రెండేళ్ళు చూస్తే, కాలు బరువుగా, వాపుగా, చర్మం నల్లబడి మిగిలిపోయే బాధ రెండు జట్లలోనూ దాదాపు సమానం, 47 శాతం, 48 శాతం. మొదటి పది రోజుల్లో పెద్ద రక్తస్రావాలు మాత్రం వైరు జట్టులో ఎక్కువ, 1.7 శాతం, రెండోవైపు 0.3. కాలు నీలంగా మారి, రక్తం ఆడక, కాలే పోయే స్థితి వస్తే వేరు. అప్పుడు వైరు వైద్యం కాలిని నిలబెట్టొచ్చు. పొట్టలోని పెద్ద సిర దాకా గడ్డ ఎక్కిన కుర్రవాళ్ళ విషయంలో వాదన ఇంకా ఉంది. మీకు అవేవీ లేవు.

మాస్టారు: మేజోళ్ళు?

డాక్టరు: బిగుతు మేజోళ్ళు ఆ బాధ రాకుండా ఆపుతాయని చాలాకాలం రాశాం. 2014లో 800 మందికి పైగా చూసిన సాక్స్ పరిశోధన ఆపవని చెప్పింది. వాపుకీ బరువుకీ హాయిగా అనిపిస్తే వేసుకోండి, లేదంటే బీరువాలో పెట్టండి. కాలు కదపకుండా మంచం మీద పడుకోబెట్టడమూ పాత పద్ధతే. మందు మొదలైతే నడవొచ్చు.

మాస్టారు: ఇప్పుడు అసలు విషయం. మా డ్రిల్లు మాస్టారు గుండె వాల్వు మార్చిన దగ్గర నుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాడు. నెల నెలా రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష ఐఎన్‌ఆర్, గోంగూర మానేశాడు, తోటకూర మానేశాడు. ఆ మందు మొదట ఎలుకల్ని చంపడానికి అమ్మారని వాడే చెప్పాడు. అలాంటిది నన్ను జన్మంతా వేసుకోమంటావా?

డాక్టరు: ఎలుకల మాట నిజమే. అమెరికాలో విస్కాన్సిన్ వైపు బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు రక్తం కారి చనిపోతుంటే, 1933లో ఒక రైతు పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తం పట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళాడు. కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి వెతికి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నాడు. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషులకి అనుమతించారు. మరుసటేడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి అదే ఇచ్చారు. మీ స్నేహితుడిది ఆ కుటుంబపు మందే. లోహపు వాల్వు ఉన్నవాళ్ళకి కొత్త మాత్రలు పనికిరావు, ఆయనకి అదే సరి. ఆకుకూరలు మానక్కర్లేదని మాత్రం చెప్పండి, రోజూ ఒకే తీరున తింటే చాలు. మీ మాత్ర వేరు. గోంగూరతో దానికి తగువు లేదు, ఐఎన్‌ఆర్ అక్కర్లేదు. 2013లో పాత వైద్యంతో పోల్చి చూస్తే పెద్ద రక్తస్రావాలు 1.8 శాతం ఉన్నచోట దీనితో 0.6.

మాస్టారు: అయినా మొన్నటి స్కాన్‌లో గడ్డ ఇంకా ఉందన్నారు. మూడు నెలలు మింగి ఏం లాభం?

డాక్టరు: ఈ మందు గడ్డని కరిగించదు. కొత్తగా పెరగకుండా ఆపుతుంది. కరిగించే పని శరీరానిదే, నెలలు పడుతుంది. కొందరికి మచ్చలా కొంత ఎప్పటికీ మిగులుతుంది. ఆ స్కాన్ కాగితం పారేయకండి. రేపు మళ్ళీ కాలు వాస్తే పాతదేదో కొత్తదేదో పోల్చుకోవడానికి కావాలి.

మాస్టారు: సరే, నా వాదం విను. హిప్ ఆపరేషన్ తర్వాత గడ్డ వస్తే మూడు నెలలు చాలని మీ పుస్తకాలే చెబుతాయి, కారణం తెలుసు, కారణం పోయింది గనక. నాకూ కారణం తెలుసు. డల్లాస్ నుంచి దోహా దాకా పద్నాలుగు గంటల పైన కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. నీళ్ళు పారినంతసేపూ కాలవ శుభ్రంగానే ఉంటుంది, కట్టేస్తేనే గుర్రపుడెక్క కమ్ముతుంది. విమానం దిగిపోయాను. కారణం పోయింది. మాత్ర ఎందుకు?

డాక్టరు: మీ వాదంలో నాకు భయం పుట్టించేది ఇదొక్కటే, ఎందుకంటే సగం నిజం. నాలుగు గంటలు మించిన ప్రయాణం గడ్డ ముప్పుని రెండు మూడింతలు చేస్తుంది. విమానమే కానక్కర్లేదు, బస్సూ కారూ రైలూ అంతే. కానీ మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో అది 6,000 మందికి ఒకరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మీ విమానంలో మూడు వందల మంది ఉన్నారు, అంతసేపూ కూర్చున్నారు. మీకే ఎందుకొచ్చింది? హిప్ ఆపరేషన్ ఒంటరిగా గడ్డ తేగలదు. విమానానికి అంత బలం లేదు, మీ ఒంట్లో ఇంకేదో చేయి కలిపింది. అందుకే దాన్ని చిన్న కారణం అంటాం. బలమైన కారణం లేకుండా గడ్డ వచ్చి, మందు ఆపేసినవాళ్ళలో మొదటి ఏడాది నూటికి 10 మందికి మళ్ళీ వస్తుంది. ఐదేళ్ళకి 25 మందికి, పదేళ్ళకి 36 మందికి. మీది మధ్యరకం కాబట్టి కాస్త తక్కువ ఉండొచ్చు. పైగా మీరు మగవారు. మళ్ళీ రావడం మగవాళ్ళలోనే ఎక్కువ. ఆపొచ్చా లేదా అని తేల్చే ఒక కెనడా సూత్రం ఆడవాళ్ళకే పనిచేస్తుంది, మగవాళ్ళయితే కొనసాగించమంటుంది.

మాస్టారు: మగాణ్ణి కావడం కూడా జబ్బేనా! కాగితం ఇలా ఇయ్యి. మళ్ళీ వచ్చినవాళ్ళలో ఎందరు పోతారు?

డాక్టరు: సుమారు 4 శాతం.

మాస్టారు: కొనసాగిస్తే ఏడాదికి పెద్ద రక్తస్రావం ఎందరికి? అందులో పోయేదెందరు?

డాక్టరు: కొత్త మాత్రలతో ఏడాదికి నూటికి ఒకరి పైన కాస్త. వాళ్ళలో పదింట ఒకరు పోతారు. 65 దాటితే, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే, ఆస్పిరిన్ కూడా వేసుకుంటుంటే, ఇదివరకు రక్తం పోయి ఉంటే ఇంకా ఎక్కువ.

మాస్టారు: ఇప్పుడు చూడు. ఆపితే మొదటి ఏడాది వెయ్యికి వంద మందికి వస్తుంది, అందులో నలుగురు పోతారు. కొనసాగిస్తే రక్తం కారి వెయ్యికి ఒకరు. మొదటి ఏడాది నీదే గెలుపు, ఒప్పుకుంటున్నా. కానీ ఐదేళ్ళు దాటాక మళ్ళీ వచ్చేది ఏడాదికి నూటికి మూడే కదా. అంటే చావులు వెయ్యికి ఒకటి చిల్లర. అప్పటికి నాకు డెబ్భై దాటతాయి, రక్తస్రావం లెక్క పెరుగుతుంది. రెండు పళ్ళాలూ సమానమయ్యాక కూడా మింగించడం లెక్క కాదు, అలవాటు.

డాక్టరు: ఒక్కచోట కాలు జారారు మావయ్యా. ఆ తగ్గుదల మందు ఆపిన రోజు నుంచి మొదలవుతుంది. ఐదేళ్ళు మింగి ఆపితే మీ మొదటి ఏడాది అప్పుడు మొదలవుతుంది, ఆ పది శాతం అక్కడ ఎదురుచూస్తుంటుంది. పైగా మీరు చావుల్నే లెక్కపెట్టారు. రెండోసారి అదే కాల్లో గడ్డ వస్తే ఆ కాలు జీవితాంతం బాధపెట్టొచ్చు.

(ఇక్కడ మాస్టారు కాసేపు ఆగారు. ఆయన లెక్కలో తప్పు లేదు, మొదలు ఎక్కడ పెట్టాలన్నదే తప్పింది. మన రోగుల్లో ఎంతమందికి ఈ లెక్క వేసుకునే అవకాశం ఇస్తున్నాం? చీటీ మీద "కంటిన్యూ" అని ఒక మాట రాసి పంపేస్తున్నాం. ఎప్పటిదాకా అని రాయడం లేదు, ఎందుకో చెప్పడం లేదు. తోచినప్పుడు రోగి తనంతట తనే ఆపేస్తాడు. ఈ ఒక్క విషయంలో నేను మాస్టారి పక్షం.)

మాస్టారు: అయితే జన్మంతానా?

డాక్టరు: అనలేదు. ఆరు నెలలు నిండేదాకా ఇప్పటిలాగే 5 మిల్లీగ్రాములు రెండు పూటలు. తర్వాత సగం చేద్దాం, 2.5 చొప్పున. ఆరు నెలల నుంచి ఏడాది దాకా మందు వాడి, ఇక ఆపాలా వద్దా అని డాక్టర్లే తేల్చుకోలేని దాదాపు 2,500 మంది మీద చేసిన పరిశోధన ఉంది. ఏడాదిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 8.8 శాతానికి గడ్డ తిరగబెట్టింది లేదా దానివల్ల ప్రాణం పోయింది. సగం మోతాదు వాళ్ళలో 1.7. పెద్ద రక్తస్రావాలు ఉత్తుత్తి మాత్రతో 0.5, దీనితో 0.2.

మాస్టారు: అసలు మందు కంటే ఉత్తుత్తి మాత్రకే రక్తం ఎక్కువ కారిందా? ఇది నమ్మమంటావా?

డాక్టరు: మందు రక్తస్రావాన్ని తగ్గించిందని కాదు. అంత తక్కువ మందికి జరిగితే అటూ ఇటూ అవడం యాదృచ్ఛికమే. చెప్పుకోదగ్గ తేడా కనపడలేదనే అర్థం. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ పరిశోధనలో ఉన్నవాళ్ళ సగటు వయసు అరవై లోపే. అందుకే మీ క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఏటా చూసి అప్పుడు మళ్ళీ ఈ కాగితం ముందేసుకుందాం. మోకాలు నొప్పని డైక్లోఫెనాక్ కొనుక్కోకూడదు. పన్ను పీకించుకునే ముందు చెప్పాలి. మధ్యలో మాత్రలు అయిపోతే తర్వాత చూద్దాంలే అనకూడదు, దాని పని ఒక్క రోజులో దిగిపోతుంది.

మాస్టారు: కాన్సరేమో, ఒళ్ళంతా సీటీ స్కాన్ తీయించమని మా వియ్యంకుడు అంటున్నాడు. దానికీ సరేనా?

డాక్టరు: వద్దు. కెనడాలో అలాగే కారణం తెలియని గడ్డ వచ్చినవాళ్ళని 854 మందిని చూశారు, 2015లో వచ్చింది. పొట్ట సీటీ కలిపినందువల్ల కాన్సర్లు ముందుగా దొరకలేదు. బరువు తగ్గుతున్నారా, రక్తహీనత ఉందా అని చూసి, వయసుకి తగ్గ మామూలు పరీక్షలు చేయిస్తే చాలు. మీవి చేయించాం, బాగున్నాయి.

మాస్టారు: సరే. ఏటా సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు లెక్క మళ్ళీ వేస్తాను. ఒప్పుకుంటేనే మాత్ర.

డాక్టరు: ఒప్పుకున్నాను. కాగితం మీద తేదీ వేసి సంతకం పెడతాను.

తీర్పు చెప్పమంటే, పరీక్షల వరసలో మేనకోడలిదే గెలుపు. ఆపే తేదీ అడిగే హక్కు విషయంలో మాస్టారిది. చదువుతున్న మీకు రెండు మాటలు. ఒక కాలు ఉన్నట్టుండి వాస్తే, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతా కాన్పు తర్వాతా దూరప్రయాణం తర్వాతా వాస్తే, మర్దన చేయించకండి. గడ్డ ఉంటే ముక్క విడిపోవచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించి, రెండు పిక్కలూ కొలవమని అడగండి. దానికి తోడు హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు వచ్చినా, దగ్గితే రక్తం పడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.